నీడ పని

మా నాన్న అక్షరం రాసేవాడు,
నేను దాని నీడ వేసేదాన్ని.
రాజోలు, మలికిపురం, తాటిపాక సెంటరు,
ఎరువుల కొట్టు, ఆయిల్ ఇంజన్ల షాపు, గోలీసోడా బండి,
ఎక్కడ లావుపాటి ఎర్రక్షరం
గోడ మీంచి ముందుకి దూకినట్టుంటే
దాన్ని వెనకనించి తోసింది నేనే,
పదమూడేళ్లదాన్ని, పావలా కుంచెతో.

"పొద్దెప్పుడూ ఎడమచేతి వైపు, పైన.
నీడ కుడికీ కిందకీ.
గోడ ఏ దిక్కు చూసినా సరే,
వాన కురుస్తున్నా సరే."
ఆయన చెప్పిన శాస్త్రం అదొక్కటే.
అందుకే మా బోర్డుల్లో ఎప్పుడూ
పొద్దున్న ఎనిమిదిన్నర,
బాకీలవాడు ఇంకా రాని వేళ.

ఇంగ్లీషక్షరానికి మూలలుంటాయి,
దాని నీడ పెట్టెకి మూతలాంటిది.
మనవి జంతికల గొట్టంలోంచి దిగినవి.
ణ మెలిక తిరిగిన చోటల్లా నీడా తిరగాలి.
తలకట్టు నీడ సొంత అక్షరం నెత్తినే పడుతుంది.
ఒత్తు నీడ కింది వరసలోకి జారి
ప్రొప్రయిటరుగారి ఇంటిపేరు తొక్కుతుంది.
అన్నిటికన్నా గడ్డుది సున్నా.
బయటి అంచుకి ఎవరైనా వేస్తారు.
లోపల, ఎడమ పక్క, పైన,
విదియ చంద్రుడంత సన్నంగా వెయ్యాలి.
లావైందా, సున్నా పూడిపోతుంది.

ఏటిగట్టు కింద రైసు మిల్లు గోడ.
ఒక్కో అక్షరం మనిషి నిలువు.
కామందు అడ్వాన్సు సగమే ఇచ్చాడు.
ఎర్రగుండ తుమ్మబంకలో కలిపి
నాన్న అక్షరాలు నింపుకుంటూ పోయాడు.
నా వంతుకి మిగిలింది
నావలకి పూసే తారు.
చేతులకంటిన నలుపు కిరసనాయిలుకీ పోలేదు,
బళ్లో పంతులమ్మ నన్ను వెనక బెంచీకి పంపింది.
మూలన వేలెడంత మా సంతకం:
ఆశీర్వాదం, రాజోలు.
దానికీ నీడ వెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"ఊళ్లోవాళ్ల పేర్లు ముందుకి రావాలి బుల్లీ,
మన పేరు గోడలో ఉంటే చాలు."

తర్వాత ఎనభయ్యారు వరద.
గట్టు తెగింది. మిల్లు మెడదాకా మునిగింది.
నీళ్లు తీశాక చూద్దుం కదా,
ఎరుపన్నది లేదు.
మా సంతకమూ లేదు.
ఒండ్రు ఆరిన గోడ మీద
నల్లటి కొడవళ్లు, కొక్కేలు, నెలవంకలు, అంతే.
బియ్యం పంచే పడవలో కుర్రాడు
దూరంనించే గడగడా చదివేశాడు
మిల్లు పేరు, ఒత్తులతో సహా,
"ఇదేనండీ, ఇక్కడ ఆపండి" అన్నాడు.
నాన్న మొలలోతు బురదలో నిలబడి
చాలాసేపు చూశాడు. నాతో ఏమీ అనలేదు.
ఆ రాత్రి కొరమీను తల
తన కంచంలోంచి తీసి నా కంచంలో వేశాడు.

ఇప్పుడు అమలాపురంలో మిషనుంది.
గంటకి వెయ్యి అక్షరాలకి నీడ కక్కుతుంది,
అన్నీ ఒకటే మందం, సున్నా లోపలా అంతే.
దాన్ని నేను తిట్టను.
దాని పక్కనే కూర్చుని మౌసు పట్టుకుని
నెల తిరిగేసరికి జీతం తెచ్చుకుంటున్నాను.

మొన్న ఆదివారం గుడినించి వచ్చాక
ఇంటి గోడకి సున్నం కొట్టాను.
ఆరాక, నలుపొక్కటే తీసి,
అక్షరాలు వదిలేసి
వాటి నీడలు మాత్రం వేశాను.
నాన్నకి ఒక కన్ను ఆపరేషనైంది,
రెండోది వాయిదాల మీదుంది.
"అక్షరాలేవే?" అన్నాడు.
"నువ్వే చూసుకో."
గడ్డం గోక్కుంటూ వెనక్కి నడిచాడు,
దింపువాడి సైకిలు నడుముకి తగిలేదాకా.
తెల్లటి సున్నంలోంచి
ఎవరూ రాయని పేరొకటి ఉబ్బి లేచింది.
"ఆ... శీ..." అని కూడబలుక్కుని
చివరిదాకా వెళ్లి ఆగిపోయాడు.
"సున్నాలో లావైందే," అని
కుంచె కోసం చెయ్యి చాపాడు.